గోయ్కో వ్యాన్‌లో టకటక

గోయ్కో వస్తున్నాడని ద్రెనోవా ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. అతనింకా వంతెన అవతల ఉండగానే టక టక టకమని అతని వ్యానే చెప్పేస్తుంది. ఆ చప్పుడు వినగానే రొట్టెల కొట్టు ఆవిడ కిటికీ మూసుకుంటుంది. మంగలి, గడ్డం గీయించుకుంటున్న మనిషి ఉలిక్కిపడతాడేమోనని కత్తి పక్కకు తీసేస్తాడు.

ఆ ఉదయం ఆ వ్యాన్ వచ్చి మెకానిక్ మిలూన్ షెడ్డు ముందు ఆగింది. అక్కడ అప్పటికే నలుగురు చేరి కాఫీ తాగుతున్నారు. మిలూన్ షెడ్డులో పని లేని రోజు ఉంటుందేమో గానీ కాఫీ లేని రోజు ఉండదు.

"మళ్ళీ ఏమొచ్చిందిరా?" అన్నాడు మిలూన్, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ.

"కొత్తగా ఏమీ రాలేదు బాబాయ్. ఉన్నదే పోలేదు," అన్నాడు గోయ్కో. "మొదట చిక్కటి ఆయిల్ పోశావు. తగ్గలేదంటే ఇంకా చిక్కటిది పోశావు. ఆ పైన తేనెలాంటి మందేదో కలిపావు. అది మాత్రం అలాగే టకటకమంటోంది."

ఇంజిన్ ఆపొద్దని మిలూన్ సైగ చేశాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, కొన ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాఫీ తాగేవాళ్ళు కప్పులు కిందికి దించారు. చుట్టుపక్కల లోయల్లో ఎవరి ఇంజిన్ మూలిగినా, దగ్గినా తెచ్చి వినిపించేది ఈ చెవికే. ఈ చెవి చెప్పాక మళ్ళీ మాట ఉండదు.

"పట్టులా మెత్తగా ఉంది. తీసుకెళ్ళు," అన్నాడు మిలూన్ కళ్ళు తెరిచి.

"పట్టా? ఇక్కడ నిలబడితే నా పళ్ళు అదురుతున్నాయి బాబాయ్. నీ చెవికేమైనా..."

"ఏయ్ డప్పులాయనా."

ఆ మాట లోపలినుంచి వచ్చింది. ఆయిల్ డబ్బాల అరల ముందు, నుదుటి మీద జుట్టు మోచేత్తో తోసుకుంటూ మిలూన్ కూతురు విష్న్యా నిలబడి ఉంది.

"పొద్దస్తమానం చెవుల్లో నీ డప్పే మోగుతుంటే నీకు ఇంజిన్ ఎక్కడ వినిపిస్తుంది? ముందు నీ చెవికి ఆయిల్ పోయించుకో. మా దగ్గర చిన్న సీసాలు కూడా ఉన్నాయి."

కాఫీ తాగేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. గోయ్కో మేనమామ స్రేతెన్‌కి బాకాల బ్యాండు ఉంది. పెళ్ళిళ్ళకీ నామకరణాలకీ వాయిస్తారు. అందులో గోయ్కోది పెద్ద డప్పు. ఆ డప్పు చెవిని అందరి ముందూ అంత మాట అనేసరికి అతని ముఖం చెవుల దాకా ఎర్రబడింది. వ్యాన్ ఎక్కి తలుపు ధడాలున వేసుకున్నాడు. టక టక టక, వంతెన దాటి వెళ్ళిపోయాడు.

విష్న్యా మళ్ళీ డబ్బాలవైపు తిరిగింది. నిజానికి ఆ టకటక ఆమెకూ వినిపించింది. అక్కడున్న అందరికంటే స్పష్టంగా వినిపించింది.

తండ్రికి సన్నటి చప్పుళ్ళు వినపడడం మానేశాయని ఆమెకు చలికాలం నుంచే అనుమానం. ఫోను పక్కనే మోగుతున్నా తీసేవాడు కాదు. ఈ ఏడు పిచుకలు రాలేదేమిటని ఒకరోజు అడిగాడు. ఆ మాట అడుగుతున్నప్పుడు అవి అతని నెత్తిమీద దూలం పైనే కొట్లాడుకుంటున్నాయి. లారీ వస్తే వింటాడు, ఉరిమితే వింటాడు. చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజిన్ అడుగున గుడగుడ కొంచెం తగ్గుతుంది. తనకు వినబడేది అదొక్కటే కాబట్టి అతనికి అంతా పట్టులాగే ఉంటుంది.

తల్లి పోయాక ఎనిమిదో తరగతితో బడి మానేసి విష్న్యా ఈ షెడ్డులోకి వచ్చింది. ఇక్కడి గోడలకూ కప్పుకూ విలువ లేదని, ఊరు గౌరవించేది తండ్రి చెవినని ఆమెకు తెలుసు. అందుకే పసిబిడ్డకు జ్వరం వచ్చిందేమోనని మాటిమాటికీ నుదురు తాకి చూసే తల్లిలా అతన్ని కనిపెట్టుకుని ఉండేది. ఎవరు ఏమన్నా తానే ముందుగా గట్టిగా నవ్వేసి, మాట మళ్ళించేసేది.

మర్నాడు మిలూన్ ఫిల్టర్ల కోసం బస్సెక్కి పట్నం వెళ్ళాడు. జోరుగా వాన పడుతోంది. టకటక మళ్ళీ వంతెన దాటి వచ్చింది.

"నాన్న లేరు. సాయంత్రం రా," అంది విష్న్యా తలెత్తకుండా.

"మీ నాన్న కోసం రాలేదు. నిన్న నలుగురిలో నా పరువు తీశావు. అది తిరిగి పట్టుకెళ్దామని వచ్చాను."

"ముందు ఆ ఇంజిన్ ఆపు. నువ్వు చెప్పేది వినపడడం లేదు."

"ఇంజిన్ వినపడుతోందా నీకు?" గోయ్కో ద్వారబంధానికి ఆనుకుని నిలబడ్డాడు. అతని జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి. "పట్టులా ఉందన్నారుగా."

విష్న్యా ఒక డబ్బా తీసి పై అరలో పెట్టింది, మళ్ళీ తీసి కింది అరలో పెట్టింది.

"నిన్న మీ నాన్న వింటున్నంతసేపూ నీ ఎడమ కనుబొమ్మ అదురుతూనే ఉంది," అన్నాడు గోయ్కో. "సరిగ్గా ఇంజిన్ తాళానికి. డప్పు కొట్టేవాడిని, నాకు తెలియదా?"

"ఇంజిన్ బాగుచేయించుకోవడానికి వచ్చి నువ్వు నా కనుబొమ్మలు చూస్తున్నావా?"

"ఇంజిన్ చూడ్డానికి మీ నాన్న ఉన్నాడు. నేను ఖాళీగా ఉన్నాను మరి."

విష్న్యా తల వంచుకుని డబ్బా మూత మీద వేలితో గీతలు గీస్తూ ఉండిపోయింది. అది చూసి గోయ్కో నవ్వు కూడా మెల్లగా చల్లారింది.

"విష్న్యా, మీ నాన్నకి..."

"ఆ మాట అనకు." ఆమె గొంతు బాగా తగ్గింది. "ఆ మాట వంతెన దాటితే ఆయన మళ్ళీ తలెత్తుకుని ఆ వాకిట్లో కాఫీ తాగడు. నీకు కావలసింది చప్పుడు పోవడమేగా? నేను పోగొడతాను. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు."

"మా నాన్న ఈ వ్యాన్ కొనేముందు దీన్ని విని చూసింది మీ నాన్నే. ఆయన్ని నేనెందుకు అంటాను?"

"నిన్న అనబోయావు."

"నిన్న కోపంలో ఉన్నాను. ఇవాళ తడిసిపోయి ఉన్నాను."

విష్న్యాకు నవ్వొచ్చింది. దాచుకోవడానికి వెనక్కి తిరిగి తువ్వాలు తీసి అతని మీదికి విసిరింది. "తల తుడుచుకో. తరవాత బానెట్ ఎత్తు."

ఆమెకు స్క్రూడ్రైవర్ అక్కర్లేకపోయింది. ఇంజిన్ మీదికి వంగి, ఊపిరి బిగబట్టి, పైనా కిందా విన్నది.

"నీ అదృష్టం బాగుంది," అంది. "చప్పుడు పైనుంచే వస్తోంది. కింద నుంచి దబదబమని వస్తే బేరింగులు పోయినట్టు. అప్పుడు ఏ ఆయిలూ ఏ మందూ పనికిరావు, విప్పాల్సిందే. ఇది వాల్వుల్ని నెట్టే ట్యాపెట్ల చప్పుడు. వాటిలోకి ఆయిల్ ఎక్కి నిండితే మెత్తగా ఆడతాయి, ఎక్కకపోతే కొట్టుకుంటాయి. ఆయిల్ వెళ్ళే దారి సూది బెజ్జమంత ఉంటుంది. సూది బెజ్జంలోకి తేనె పోస్తే ఎప్పటికి దిగుతుంది?"

"నేను పోయలేదు."

"సరే. మనం పోశాం."

ఆ 'మనం' గోయ్కోకి బాగా నచ్చింది. దాన్ని చెడగొట్టకుండా జాగ్రత్తగా అడిగాడు. "మరి చిక్కటిది పోస్తే చప్పుడు తగ్గుతుందని అందరూ అంటారే?"

"బాగా అరిగిన ఇంజిన్‌లో కొన్నాళ్ళు తగ్గినట్టుంటుంది. అందుకే అమ్మేముందు పోస్తారు. నువ్వు దీన్ని అమ్ముతున్నావా?"

"నన్ను అమ్ముకుంటాను గానీ దీన్ని అమ్మను."

"నిన్నెవరు కొంటారు?"

"బేరానికొస్తే నీకే ముందు చెబుతాను."

ఆమె వినిపించుకోనట్టే పని మొదలుపెట్టింది. వెచ్చగా ఉన్న పాత ఆయిల్‌లోనే లోపల కడిగే మందు కలిపి, కాసేపు ఇంజిన్‌ని మెల్లగా తిరగనిచ్చింది. గోయ్కో కాలు యాక్సిలరేటర్ వైపు కదిలితే చాలు, కసిరింది. తరవాత వ్యాన్‌ని షెడ్డులోని గుంత మీదికి తెప్పించి, కిందికి దిగి, ఆయిల్ వదిలే డ్రైన్ బోల్టు విప్పింది. పళ్ళెంలోకి మాడిపోయిన ప్లమ్ జామ్ లాంటిది బద్ధకంగా దిగింది.

"ఇంకో మాట చెప్పాలి," అంది గుంతలోంచే. "ఇన్నేళ్ళ మడ్డి ఒక్కసారిగా కదిలి ఆయిల్ దారికి అడ్డం పడితే ఇంజిన్ మొత్తం పోతుంది. అలా అవదనే అనుకుంటున్నాను. కానీ అవదని ఒట్టేసి చెప్పలేను. వద్దంటే ఇప్పుడే చెప్పు, పాతదే పోసి పంపిస్తాను."

గోయ్కో గుంత అంచున చతికిలబడ్డాడు. అది తండ్రి వదిలివెళ్ళిన వ్యాన్. బ్యాండు మొత్తం దాని మీదే ఊళ్ళు తిరుగుతుంది.

"నీకు భయంగా ఉందా?" అని అడిగాడు.

"చాలా."

"అయితే కానివ్వు. భయపడేవాళ్ళు జాగ్రత్తగా చేస్తారు."

అరలో మిగిలిన ఆఖరి కొత్త ఫిల్టర్ బిగించింది. ఆ ఇంజిన్‌కి రాసిపెట్టి ఉన్న గ్రేడే, పలుచటి ఆయిల్ పోసింది. ట్యాపెట్ల కోసం అమ్మే మందు ఒక సీసా తీసి, డబ్బా వెనక సన్నక్షరాలు మరోసారి చదువుకుని, కొలిచి కలిపింది. స్టార్ట్ చేయగానే ఇంజిన్ ముందుకంటే గట్టిగా చరచరమని కొట్టుకుంది. విష్న్యా ముఖం పాలిపోయింది. ఫిల్టర్‌లోకి ఆయిల్ నిండాక, ఆయిల్ అందడం లేదని హెచ్చరించే ఎర్ర దీపం ఆరింది. చప్పుడు మళ్ళీ మామూలు టకటకలోకి వచ్చింది.

"ఇంతేనా?" అన్నాడు గోయ్కో.

"ఇది బటన్ నొక్కితే ఆగే రేడియో కాదు. మందు మెల్లగా దారులు కడగాలి. రోజూ నడుపు, రోజూ తీసుకొచ్చి వినిపించు. మధ్యాహ్నం, నాన్న పడుకున్నప్పుడు."

"రోజూనా?"

"రోజూ."

"వానొచ్చినా?"

"వానొస్తే ఈసారి గొడుగు తెచ్చుకో. ఎవరైనా అడిగితే మా నాన్నే చేశారని చెప్పు."

గోయ్కో మొహం ముడుచుకున్నాడు. "మంచి పని చేసి దాక్కునేవాళ్ళని ఎక్కడా చూడలేదు. మా బ్యాండులో తప్పు వాయించినవాడు కూడా లేచి నిలబడి దండం పెడతాడు."

అతను రోజూ వచ్చాడు. ఒకరోజు దోసిట్లో అడవి పువ్వులు, ఒకరోజు మేనత్త చేసిన జున్ను, ఇంకోరోజు ఏమీ లేక ఉత్త చేతులు చూపించాడు. విష్న్యా ఏ రోజూ ఎలా ఉన్నావని అడగలేదు. "ఎర్ర దీపం వెలిగిందా?" అనేదే ఆమె పలకరింపు.

"వెలగలేదు. నేనూ బాగానే ఉన్నాను, అడిగినందుకు సంతోషం."

ఆమె నిద్రపోతున్న బిడ్డ ఊపిరి వినడానికి వంగినట్టు ఇంజిన్ మీదికి వంగేది. మొదట టకటకలో పదును పోయింది. తరవాత వేడెక్కగానే మాయమవడం మొదలైంది. ఆపైన పొద్దున్న చల్లటి స్టార్టులో మాత్రం రెండు నిమిషాలు సణిగేది. విష్న్యా ఇంట్లో తిరుగుతూ మడ్డి గురించి బెంగపడేది, వంటచేస్తూ బెంగపడేది. ఎక్కడైనా వ్యాన్ ఆగిపోయిందన్న కబురు వస్తుందేమోనని వీధిలో ఎవరు గబగబా నడిచినా తలుపు దగ్గరికి వచ్చేది. ఆ బెంగ ఇంజిన్ గురించి ఎంతో, ఇంజిన్ నడిపేవాడి గురించి ఎంతో ఆమె విడదీసి చూసుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆమె బాగా వంగి వింది. గాలి, బెల్టు తిరిగే చప్పుడు, అంతే. టకటక లేదు. తలెత్తేసరికి గోయ్కో ఆమెనే చూస్తున్నాడు.

"ఇంకా కొంచెం ఉన్నట్టుంది," అంది విష్న్యా.

గోయ్కో తల వంచి చాలా శ్రద్ధగా విన్నాడు. "అవును. ఎక్కడో లోపల. రేపు రానా?"

"రేపు రా."

ఆ తరవాతి రోజూ 'ఇంకా కొంచెం' ఉంది. ఆ తరవాత కూడా.

ఈ 'కొంచెం' ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఒక ఉదయం స్రేతెన్ బాకా చంకలో పెట్టుకుని షెడ్డులోకి దూసుకొచ్చాడు. వెనకాలే గోయ్కో, చేతులు జోడించినంత పని చేస్తూ. వాకిట్లో ఎప్పటిలాగే కాఫీ తాగేవాళ్ళున్నారు.

"మిలూన్, నా డప్పులవాణ్ణి పాడుచేశారు మీరు," అన్నాడు స్రేతెన్. "మేం దారిలో వ్యాన్‌లోనే సాధన చేస్తాం. ఇన్నాళ్ళూ ఈ వెధవ తాళం వేస్తున్నాడనుకున్నాను. కాదు. ఇంజిన్ వేస్తుంటే వీడు దాని మీద చెయ్యి వేశాడు. ఇప్పుడు ఇంజిన్ నోరు మూసుకుంది, వీడికి తాళం పోయింది. నిన్న నామకరణానికి వెళ్తూ మొదలుపెడితే సగం మంది పెళ్ళికి వాయిస్తున్నారు, సగం మంది శవం వెనక నడుస్తున్నారు."

కాఫీ తాగేవాళ్ళు విరగబడి నవ్వారు. మిలూన్ కూడా నవ్వాడు.

"నేను పోసిన ఆయిల్ అలాంటిది మరి," అన్నాడు. "చిక్కగా పట్టింది."

"చిక్కగానా? ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడు, నీళ్ళలా ఉంది. మీ అమ్మాయి మార్చిందటగా. వీడు వ్యాన్‌లో అదే పాట. విష్న్యా ఇలా విన్నది, విష్న్యా అలా కడిగింది, ఇలాంటి పనిమంతురాలు ఈ లోయలో లేదు అని."

విష్న్యా గోయ్కో వైపు చూసింది. గోయ్కో తన బూట్ల వైపు చూశాడు.

మిలూన్ కప్పు కింద పెట్టాడు. "నేను పోసింది తీసేశావా తల్లీ?"

ఆమె అవునన్నట్టు తలూపింది. మిలూన్ వెళ్ళి వ్యాన్ స్టార్ట్ చేయించి, స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాడు. ఒక చోట విని, ఇంకో చోటికి జరిపాడు. మళ్ళీ మొదటి చోటికి వచ్చాడు.

"అప్పుడూ ఇంతే ఉంది," అన్నాడు. "ఇప్పుడూ ఇంతే ఉంది. ఏం మారింది?"

"ఏం మారిందంటావేమిటి?" అన్నాడు స్రేతెన్. "అప్పుడు పక్కవాడితో మాట్లాడాలంటే అరవాలి. ఇప్పుడు వాడి పొట్టలో ఆకలి కూడా వినబడుతోంది నాకు."

ఎవరూ నవ్వలేదు. మిలూన్ ఇంజిన్ మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. తరవాత కాఫీ తాగేవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళు ఒకరి తరవాత ఒకరు చూపు తిప్పుకున్నారు.

"మాకూ వినబడేదిలే మిలూన్," అన్నాడు వాళ్ళలో పెద్దాయన చివరికి. "నువ్వు పట్టు అన్నాక ఇంక మేమేమంటాం?"

"నీకూ వినబడేదా తల్లీ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళుగా ఎంత సులువుగా వచ్చేదో అంత సులువుగానూ వచ్చింది. తండ్రి కళ్ళు చూశాక ఆగిపోయింది.

"వినబడేది నాన్నా."

మిలూన్ తల పంకించి, చేతులు కడుక్కుని, మేడమెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. అతని కాఫీ సగంలోనే ఉండిపోయింది.

అందరూ మెల్లగా జారుకున్నాక గోయ్కో ఒక్కడే మిగిలాడు.

"వంతెన దాటకూడదన్నాను," అంది విష్న్యా.

"మీ నాన్న గురించి ఎవరితోనూ ఒక్క ముక్క అనలేదు. నీ గురించే అన్నాను. నా వ్యాన్‌ని నువ్వు బాగుచేశావని చెబుతుంటే నేనేదో గెలిచినట్టు ఉండేది. నోరు ఆగలేదు."

"రేపటినుంచి రాకు. చప్పుడు పోయింది."

"అది పోయి చాలా రోజులైంది. నీకూ తెలుసు."

"తెలుసు," అంది ఆమె. "అయినా రాకు."

అతను వెళ్ళిపోయాడు. ఎంత దూరం వెళ్ళాడో చెప్పడానికి ఇప్పుడు చప్పుడు కూడా లేదు.

మిలూన్ షెడ్డు తెరవలేదు. తిన్నాడు, పడుకున్నాడు, కిటికీలోంచి వంతెన చూస్తూ కూర్చున్నాడు. కూతురి మీద కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండునని విష్న్యా అనుకుంది. ఇంతలో వాళ్ళింటి దేవుడు సెయింట్ జార్జి పండుగ వచ్చింది. స్లావా అంటారు దాన్ని. ఆ రోజున ఎవరినీ పిలవరు. గుర్తుపెట్టుకుని వచ్చేవాళ్ళే చుట్టాలు, వచ్చినవాళ్ళని కాదనడం ఉండదు. ఈసారి ఎవరూ రారేమోనని విష్న్యాకు ఒక భయం. అందరూ వచ్చి తండ్రి చెవి వైపు జాలిగా చూస్తారేమోనని ఇంకో భయం. రెండు భయాల మధ్య రొట్టె కాల్చింది, గోధుమలు ఉడికించింది, పొడవాటి మైనపు వత్తి తెచ్చి పెట్టింది.

మిలూన్ నల్లకోటు వేసుకుని దిగివచ్చి వత్తి వెలిగించాడు. ఊరంతా వచ్చింది. విష్న్యా గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ చెంచాడు చెర్రీ పాకం, గ్లాసు నీళ్ళు అందిస్తూ ఉంది. మధ్య మధ్యలో చెవి వంతెన వైపు వెళ్ళేది. ఇదివరకైతే ఈపాటికి తెలిసిపోయేది. ఆ చప్పుడు తన చేతులతోనే తీసేసింది, ఇప్పుడు వినడానికి ఏముంది?

"స్లావా శుభం కలగాలి."

తలెత్తితే ఎదురుగా గోయ్కో, ఇస్త్రీ చొక్కాలో. వెనకాల స్రేతెన్. వ్యాన్ గుమ్మం పక్కనే ఆగి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

కోపమున్నా సరే, వచ్చిన అతిథికి తీపి అందించాలి. విష్న్యా పళ్ళెం ముందుకు జరిపింది. గోయ్కో చెంచా నోట్లో పెట్టుకుని నీళ్ళు తాగాడు.

"రాకన్నాను," అంది గొంతు తగ్గించి.

"నిన్ను చూడ్డానికి రావద్దన్నావు. నేను సెయింట్ జార్జిని చూడ్డానికి వచ్చాను."

"ఆయన లోపల గోడ మీద పటంలో ఉన్నాడు. నువ్వు ఇటు చూస్తున్నావేం?"

"దారి అడుగుదామని."

ఆమె పెదవులు బిగించుకుంది గానీ అది కోపంతో కాదని ఇద్దరికీ తెలిసింది.

లోపల బల్ల చుట్టూ అందరూ చేరారు. స్రేతెన్ రకియా అనే పళ్ళ సారా గ్లాసు పట్టుకుని, తన మేనల్లుడు ఇప్పుడు ఏ ఇంజిన్ సాయమూ లేకుండా సొంతంగా తాళం పట్టుకోవడం నేర్చుకున్నాడని, బ్యాండు ఇంత బాగా ఎన్నడూ మోగలేదని గొప్పలు చెబుతున్నాడు. అంతలో పక్క లోయ నుంచి వచ్చిన మనిషి ఒకడు, ఊళ్ళో సంగతులేవీ తెలియనివాడు, మిలూన్ వైపు వంగాడు.

"మిలూన్ అన్నా, నా కారు కూడా టకటకమంటోంది. బయటే ఉంది. ఒకసారి నీ చెవికి వినిపిస్తాను."

బల్ల దగ్గర చెంచాలు ఆగిపోయాయి. పళ్ళెం పట్టుకున్న విష్న్యా గుమ్మంలోనే నిలబడిపోయింది. మాట మళ్ళించడానికి ఆమె నోరు తెరిచేలోపే మిలూన్ లేచాడు. కోటు సర్దుకున్నాడు.

"కొంచెం గట్టిగా చెప్పు తమ్ముడూ. నాకు సన్న చప్పుళ్ళు వినపడవు," అన్నాడు, అందరికీ వినిపించేలా, తల ఎత్తి. "మీరంతా ఇలా ముఖాలు దించుకోకండి. చెవి నాకు పుట్టుకతో వచ్చింది, అది పోతే పోయింది. వినడం మాత్రం నేను నేర్చుకుని సంపాదించాను. ఆ సంపాదన ఎక్కడికీ పోలేదు. అదుగో, పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బడి మానేసి నా వెనకాల తిరుగుతుంటే దీనికేం వస్తుందిలే అనుకున్నాను. నేను చెడగొట్టిన ఇంజిన్‌ని నా కూతురు బాగుచేసింది. నాకు కోపం దాని మీద కాదు."

వేలు గోయ్కో వైపు చూపించాడు.

"వీడి మీద. ఊరికి నేను చాటాల్సిన మాట నాకంటే ముందు వీడు చాటాడు."

"తప్పే బాబాయ్," అన్నాడు గోయ్కో లేచి నిలబడి. "కానీ ఇంకొకటి నీకంటే ముందు ఎవరికీ చెప్పలేదు. విష్న్యాని నాకిస్తావా?"

బల్ల చుట్టూ గుసగుస లేచింది. మిలూన్ చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. "గట్టిగా."

"విష్న్యాని నాకిస్తావా?" అని గోయ్కో ఈసారి డప్పుకు సరిపోయే గొంతుతో అన్నాడు. వీధిలో నడిచేవాళ్ళు కూడా ఆగారు.

"మా అమ్మాయి ఈ షెడ్డు వదిలి రాదు."

"ఎవరు రమ్మన్నారు? నేనే వస్తాను."

"ఇల్లరికమా?" స్రేతెన్ నుదురు కొట్టుకున్నాడు. "మన వంశంలో ఎవరైనా పెళ్ళాం ఇంటికి మూట కట్టుకుని వెళ్ళారురా? రేపు నలుగురూ ఏమంటారు?"

"ఇల్లరికం అల్లుడంటారు మామయ్యా. ఎవరింటికి అని అడిగితే ఈ ఇంటికి అని చెప్పు. ఇంకేమైనా అంటారేమో చూద్దాం."

"నన్నెవరూ అడగలేదు," అంది విష్న్యా గుమ్మంలోంచి. అందరూ అటు తిరిగారు. ఆమె పళ్ళెం కింద పెట్టి, పండుగ గౌను చేతులు మోచేతులదాకా మడుచుకుంది. "ముందు ఆ కారు చూద్దాం, పదండి. గోయ్కో, వచ్చి బానెట్ పట్టుకో."

పండుగకొచ్చిన జనమంతా గ్లాసులతో సహా వాకిట్లోకి వచ్చారు. బానెట్ ఎత్తిపెట్టే కడ్డీ ఎప్పుడో ఊడిపోయిందట. గోయ్కో రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. విష్న్యా అతని చేతుల కిందినుంచి వంగింది.

"ఎంతసేపు ఇలా పట్టుకోవాలి?" అన్నాడు ఆమెకు మాత్రమే వినిపించేలా.

"నేను వదలమనేదాకా."

"ఎప్పుడంటావు?"

"అంటానని ఎవరు చెప్పారు?"

గోయ్కో చేతులు ఒక్కసారి సడలాయి. బానెట్ కొంచెం దిగింది, వెంటనే మళ్ళీ నిలబెట్టాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ ఇంజిన్‌లోకి తల దూర్చింది. పక్కనే మిలూన్ చేతులు వెనక్కి కట్టుకుని ఓపికగా నిలబడ్డాడు.

"ఏమంటోంది తల్లీ?"

విష్న్యా లేచి, అతని చెవికి దగ్గరగా వచ్చి చెప్పింది. మిలూన్ విన్నాడు. తల పంకించాడు. తరవాత వాకిట్లో నిండిన ఊరివాళ్ళ వైపు తిరిగి, వంతెన అవతలికి కూడా వెళ్ళేంత గొంతుతో ప్రకటించాడు.

"ట్యాపెట్లు. మా అమ్మాయి చెప్పింది."